గుయాష్ : పసులకాపరి వంటకము జాతిచిహ్నమైన చరిత్రము

హంగరీదేశపు 'గుయాష్' అను మాంసపుఁగూర నేఁడు యూరపుఖండమంతటను అమెరికాయందును బ్రసిద్ధి కెక్కినది. జర్మనులును ఆస్ట్రియనులును దానిని 'గులాష్' అందురు. గోమాంసపు ముక్కలను, అనఁగాఁ దెలంగాణమునఁ 'బెద్దకూర' యని వ్యవహరించుదానిని, నీరుల్లితోను ఎఱ్ఱమిరపపొడితోను సన్నసెగపై గంటలకొలఁది యుడికించిన వంటకమని యందఱును ఆ పేరునకు అర్థము చెప్పుకొందురు. కాని మూలభాషయందు ఆ మాట తొలుత కూరకుఁ బేరు కాదు, మనుష్యునికిఁ బేరు. హంగరీభాషలో 'గుయా' యనఁగాఁ బసులమంద. 'గుయాష్' అనఁగా నా మందను గాచువాఁడు. వాఁడు వండుకొను మాంసమునకు 'గుయాష్‌హూష్', అనఁగాఁ గాపరిమాంసము, అని పేరుండెను. కాలక్రమమున రెండవ పదము జాఱిపోయి కాపరిపేరే కూరకు నిలిచినది.

ఆ దేశపు లిపిలో నీ పదము నడుమ లకారమునకు సరియైన యక్షరము కానవచ్చును. దానిఁ జూచి 'గొల్ల' శబ్దముతోఁ బోల్చుటకుఁ దెలుఁగుపండితునికి మనసు పుట్టవచ్చును. ఆ పోలిక నిలువదు. హంగరీభాష ఫిన్నో-ఉగ్రిక్ కుటుంబములోనిది. దానికి ద్రావిడభాషలతోఁ గాని సంస్కృతముతోఁ గాని పుట్టుకచేత సంబంధము స్థాపింపఁబడలేదు. అర్థమును ధ్వనియు నొక్కచోఁ గలియుట యాదృచ్ఛికము. ఇట్టి సామ్యములను బట్టి జాతుల వలసలను గల్పించినవారు ఆ దేశమునను గలరు, ఈ దేశమునను గలరు. అయితే యీ వంటకపుచరిత్రలో భారతదేశమునకు నిజముగాఁ జేరిన మాట యొకటి వేఱుగ నున్నది. అది ముందు వచ్చును.

డాన్యూబు, తీసా నదుల నడుమను, తీసానదికిఁ దూర్పునను విశాలమైన మైదానము కలదు. దానిని ఆ దేశస్థులు 'ఆల్‌ఫొల్డ్', అనఁగాఁ బల్లపునేల, అందురు. అందలి గడ్డిబీళ్లకు 'పుస్తా' యని పేరు. పుస్తా యనఁగా శూన్యమైనది, పాడువడినది అని యర్థము. తురుష్కయుద్ధములలో నా పేరు మిక్కిలి సార్థకమయ్యెను. 1526వ సంవత్సరమున మొహాచ్ యుద్ధమునందు హంగరీరాజు రెండవ లాయొష్ తురుష్కులచేత నోడి ప్రాణములు గోలుపోయెను. 1541లో బూదానగరము సుల్తాను వశమై 1686 వఱకు నూటనలువదియైదేండ్లు వారి యేలుబడిలో నుండెను. దండ్ల రాకపోకలవలన నెన్నియో పల్లెలు పాడువడఁగా, నాఁగలి తిరిగిన నేలలో గడ్డి మొలచెను. గడ్డి మొలచినచోటఁ బసులమందలు మేసెను.

ఆ పశువులు బూడిదవన్నె మేనును, వెడల్పుగాఁ జాఁచిన పొడవుకొమ్ములును గలవి. 15వ శతాబ్దినుండి 17వ శతాబ్ది వఱకు నవియే హంగరీదేశపు ముఖ్యమైన యెగుమతిసరకు. వ్యాపారము ముమ్మరముగా సాగిన 16వ శతాబ్ది యుత్తరభాగమున నేఁటేఁట లక్షకుఁ బైఁబడిన పశువులు కాలినడకనే వియన్నా, న్యూరెంబర్గు, ఔగ్స్‌బర్గు, వెనిసు నగరముల సంతలకుఁ బోవుచుండెను. సరకు తన్నుఁ దానే మోసికొనిపోవు వ్యాపార మిది; దోవలో మేఁతయు నీరును దొరకినఁ జాలును. తోలుకొనిపోవువారు దారిదోపిడికాండ్రతోఁ బోరాడవలసివచ్చుటచే నాయుధములు పట్ట నేర్చిరి. 'హొయ్‌దూ'లనఁబడిన వారు పిమ్మట వేతనసైనికులైరి. 1605లో ఇష్త్వాన్ బొచ్కాయి ప్రభువు తనకుఁ దోడ్పడిన వేలకొలఁది హొయ్‌దూలకు భూములిచ్చి నిలిపెను. దెబ్రెత్సెన్ పట్టణము చుట్టునున్న వారి యూళ్లు నేఁటికిని ఆ పేరుతోనే పిలువఁబడుచున్నవి. ఒక దేశమంతయుఁ బసులవలన బ్రదుకునప్పుడు కాపరి వంట యెన్నటికైన ఆ దేశపు వంట యగుట వింత కాదు. వింత యేమనఁగా, అది యగుటకు నంత యాలస్యము పట్టుట.

కాపరికి వంటయిల్లు లేదు. ఏప్రిలు 24వ తేదీ సెయింటు జార్జి పండుగనాఁడు మందను మేఁతకుఁ దోలి, శరత్కాలము ముగియునప్పుడు మరలించుట ప్రాఁతయాచారము. ఆ నడిమి మాసములు వాఁడు బయలనే యుండును. వానికున్న పాత్ర 'బొగ్రాచ్' అను ఇనుపకాఁగు. దానిని మూఁడు కఱ్ఱలనుండి మంటపై వ్రేలాడఁగట్టును. వానికి దొరకు మాంసము కాలు విఱిగిన పశువుదో, ముదిసి నడవలేనిదో. అందును మేలైన భాగములు యజమానునికిఁ బోవఁగా మిగులునవి పిక్కలు, మెడ, దవడ. ఎల్లప్పుడు నడచు జంతువున నీ భాగములు మిక్కిలి ముదురు. కండరపుఁబోఁగులను బంధించు పీచు వీనిలో నధికము. వడిగాఁ గాల్చినచో నది బిగిసి పంటికి లొంగదు. తడివేఁడిమిలో, నీరు తెర్లక సన్నముగాఁ గదలుచుండఁగా, రెండుమూఁడు గంటలు నానినచో నా పీచే జిగురై రసములోఁ గరఁగును. పిండి చేర్పకయే కూరకుఁ జిక్కఁదనమును, పెదవులకంటు నునుపును వచ్చుట దీనివలననే. లేఁతమాంసముతో నిదే వంట చేసినచో రుచి రాదు, ముక్కయు నిలువదు. గతిలేక తినుభాగము లీ విధముగా వంటకము నిర్ణయించినవి.

వండువిధానము నేఁటికిని నించుమించుగా నొక్కటే. మొదట సన్నముగాఁ దఱిగిన నీరుల్లిని బందికొవ్వులో మెత్తఁబడువఱకు వేయింతురు. పిమ్మటఁ గాఁగును మంటనుండి తొలఁగించి మిరపపొడి వేసి కలుపుదురు. ఈ తొలఁగించుట వంటకమునకెల్ల నాయువుపట్టు. హంగరీ మిరపపొడిలోఁ జక్కెర పాలు హెచ్చు. నిప్పుపై నున్న వేఁడికొవ్వులో నది క్షణములో మాడి చేదగును, రంగు గోధుమవన్నెకుఁ దిరుగును. దాని యెఱుపు నీటఁ గరఁగక కొవ్వులోనే కరఁగును గనుక ముందుగాఁ గొవ్వుతోఁ గలిపినఁ గాని రసమంతయు నెఱ్ఱనగుట లేదు. పిదప ముక్కలు, ఉప్పు, సీమజీలకఱ్ఱ, కొంచెము నీరు. చారుగా వలసినచో నీరు హెచ్చించి యుర్లగడ్డలు వేయుదురు. గోధుమపిండిముద్దను వ్రేళ్లతో గిల్లి వేసిన 'చిపెత్కె' యను చిన్నయుండలను జివరఁ జేర్తురు. ఉర్లగడ్డ మిరపకంటెను దరువాత వచ్చినది. దానిని కాపరి యెఱుఁగఁడు. మఱునాఁడు వేఁడిచేసికొన్నచో రుచి హెచ్చునని యచ్చటి గృహిణు లందురు. అందు నిజము లేకపోలేదు. చల్లారునపుడు జిగురు గడ్డకట్టి ముక్కలో రసము నిలుపును.

వంటపుస్తకములు కొన్ని యీ కూర 896వ సంవత్సర ప్రాంతమున ఆర్పాద్ నాయకుని వెంట కార్పాతియను కొండలు దాఁటివచ్చిన మజ్యారుల నాఁటిదని వ్రాయును. వారు మాంసమును వండి యెండఁబెట్టి గొఱ్ఱెపొట్టతో జేసిన సంచులలో మోసికొనిపోయి, వలసినపుడు వేఁడినీట వేసికొని తినెడివారఁట. సంచారజాతులు మాంస మెండఁబెట్టికొనుట యసంభవము కాదు. కాని యెండుమాంసపుఁజారు వేఱు, గుయాష్ వేఱు. గుయాష్‌హూష్ అను పేరు వ్రాఁతలోఁ గానవచ్చునది 18వ శతాబ్దిలోనే. అంతకుముందు హంగరీప్రభువుల వంట యెట్లుండెనో తెలియుటకు 1695లో కొలొజ్వార్ పట్టణమున మిక్లోష్ తోత్‌ఫలుషి కిష్ ముద్రించిన వంటపుస్తకము చాలును. ఆ భాషలో నచ్చుపడిన తొలివంటపుస్తక మదియే. మిరియము, అల్లము, కుంకుమపువ్వు మొదలగు సంబారములు ఆ కాలపుఁ బెద్దలవంటకు లక్షణము. ఎఱ్ఱమిరప దానిలో లేదు. వేయేండ్ల ప్రాచీనత యను మాటను పుస్తకము లొకదాని నొకటి చూచి వ్రాసికొన్నవి. మానవజాతిశాస్త్రజ్ఞురాలు ఎస్తెర్ కిష్బాన్ 1989లోఁ బ్రకటించిన గ్రంథమున గుయాష్, మిరప మొదలగువాని చరిత్రమును లిఖితప్రమాణములతోఁ బరిశీలించి, యీ కూర జాతిచిహ్నమైనది 18వ శతాబ్ది చివరనని తేల్చినది.

మిరప పుట్టినది అమెరికాలో. కొలంబసు తొలియాత్రనుండి 1493లో మరలినపుడు స్పెయినుదేశమునకు వచ్చినది. తురుష్కసామ్రాజ్యముగుండ బాల్కనుదేశములకును, అచ్చటనుండి హంగరీకిని జేరెను. అందుచేతనే హంగరీయు లాదిని దానిని 'తొరొక్ బొర్ష్', అనఁగాఁ దురుష్కమిరియము, అనిరి. 16వ శతాబ్దియందు ధనికుల తోఁటలలో నది చూపునకు నాటిన మొక్క. తినుటకు మొదలిడినవారు మిరియము కొనలేని రైతులును కాపరులును జాలరులును. 'పాప్రికా' యను పేరు 18వ శతాబ్ది నడుమ హంగరీభాషలోఁ గనఁబడును. అది దక్షిణస్లావుల మాట. మిరియమను నర్థము గల 'పపర్' శబ్దముపైఁ బ్రత్యయము చేరి యేర్పడినది. ఆ పపర్ లాటినులోని 'పిపెర్', పిపెర్ గ్రీకుభాషలోని 'పెపెరి', పెపెరి సంస్కృతములోని 'పిప్పలీ'. భారతదేశపుఁ బిప్పలి యెగుమతితోఁ బాటు దాని పేరును సముద్రములు దాఁటి, గ్రీకులచేతను రోమకులచేతను మిరియమునకు నంటి, స్లావులచేత నమెరికాకాయకు నంటి, హంగరీకాపరి కాఁగులోఁ బడినది. తెలుఁగువారు 'మిరియము'నుండి 'మిరపకాయ'ను గల్పించుకొన్నట్లే స్లావులును జేసిరి. ఒకరి నొకరెఱుఁగని రెండు జాతులు క్రొత్తవచ్చిన కారమునకుఁ బాతకారపుఁ బేరు పెట్టుటలో నొకే త్రోవఁ బోయిరి.

ఇఁక కాపరికూర ప్రభువుల బల్లమీఁది కెక్కిన కాలము. ఇది యీ చరిత్రమునకెల్ల ముఖ్యము, కావున నించుక విస్తరింపఁదగును. హాబ్స్‌బర్గువంశజుఁడైన రెండవ జోసెఫుచక్రవర్తి 1780లో నేలుబడికి వచ్చెను. హంగరీరాజ్యాంగమున కట్టువడుదునని ప్రమాణము చేయవలసివచ్చునను శంకచే నతఁడు పట్టాభిషేకము చేసికొనలేదు. సెయింటు స్టీఫను కిరీటమును 1784లో వియన్నాకుఁ దెప్పించి భాండారమున నుంచెను. తలకుఁ గిరీటములేని యతనిని హంగరీయులు 'టోపీరాజు' అని యెత్తిపొడిచిరి. ఆ 1784లోనే యతఁడు రాజకీయవ్యవహారములన్నియు జర్మనుభాషలో జరుగవలయునని శాసించెను. అంతవఱకు హంగరీ ప్రభుత్వభాష లాటిను. లాటిను పోయి జర్మను వచ్చుట కోపకారణమైనను, ఆ కోపమునుండి పుట్టిన ప్రశ్న వేఱొకటి: లాటిను మృతభాష, జర్మను పరభాష, స్వభాష యేల కాఁగూడదు? గ్యొర్గి బెషెన్యెయి మొదలగువారు 1770లలో మొదలిడిన భాషోద్యమమునకు చక్రవర్తిశాసనమే గాలియైనది. దానితోఁ బాటు వేషము మాఱెను. వియన్నావేషము విడిచి ప్రభువులు త్రాళ్లల్లికల కోటులును హంగరీబూటులును దొడిగిరి. ఫ్రెంచిపాకముల నడుమ, తాము మున్ను ముట్టని గుయాష్‌ను వండించిరి. జర్మనులయొద్ద లేనిది, లాటినుపేరు లేనిది, మైదానమునఁ బుట్టినది కావలసివచ్చినపుడు వారికిఁ గనఁబడినది కాపరి కాఁగు.

1790 జనవరిలో మరణశయ్యపైనున్న చక్రవర్తి తన శాసనములనేకములను రద్దుచేసెను. ఫిబ్రవరిలోఁ గిరీటము బూదాకు మరలివచ్చెను. ఊరూరను గుఱ్ఱపురౌతులు స్వదేశవేషములతో దానికెదురేఁగిరి. ఆ మాసము 20వ తేదీని జోసెఫు మృతుఁడయ్యెను. ఇచ్చట గమనింపవలసినది యొకటి కలదు. అతఁడు రద్దుచేయక నిలిపిన కొలఁది శాసనములలో నొకటి 1785 నాఁటిది: భూదాసులైన రైతులు ప్రభువుల యనుమతి లేకయే యూరు విడిచిపోవచ్చుననియు, వివాహమాడవచ్చుననియు, వృత్తి నేర్వవచ్చుననియు నిచ్చిన స్వాతంత్ర్యము. భాషాశాసనమును నిరసించిన ప్రభువులకే యీ శాసనమును గంటగింపు. కాపరి కూరను జాతిగౌరవముగాఁ గైకొన్నవారు కాపరి వర్గమువారికి నడచిపోవు హక్కు నిచ్చుటకు సమ్మతింపలేదు. భూదాస్యము పూర్తిగాఁ దొలఁగుటకు 1848 రావలసివచ్చెను. వంటకమును గౌరవించుట వండినవానిని గౌరవించుట కాదని యీ యరువదేండ్ల చరిత్రము స్పష్టముగాఁ జూపుచున్నది. భాషవిషయమునను నిట్టిదే జరిగెను. 1844లో హంగరీభాష ప్రభుత్వభాష యయ్యెను; స్లోవాకులు, రుమేనియనులు, సెర్బులు, క్రొయేషియనులు గల యా రాజ్యమున, తమపై జర్మను రుద్దఁబడినపు డాక్రోశించినవారే యితరులపైఁ దమ భాషను రుద్దిరన్న ఫిర్యాదు మొదలయ్యెను. ఆ జాతీయమైన కూరలోని 'పాప్రికా' స్లావుల మాట యను సంగతి యెవ్వరికిని జ్ఞప్తికి వచ్చినట్లు లేదు.

ఆ దినములలోనే పరదేశీయులును దీనిఁ జూచిరి. జర్మను వృక్షశాస్త్రజ్ఞుఁడు హొఫ్‌మన్‌సెగ్గు ప్రభువు 1793-94లలో హంగరీయందు సంచరించి సోదరికి వ్రాసిన లేఖలలో మిరపతో వండిన మాంసము హంగరీయుల జాతీయాహారమని మెచ్చుకొనెను. అవి 1800లో నచ్చుపడినవి. కాపరికూర కొక తరము గడవకమున్నే 'జాతీయ' విశేషణ మంటినదనుట కిది సాక్ష్యము. పిమ్మట పుస్తా మైదానము కవిత్వమున కెక్కెను. కిష్‌కొరొష్ గ్రామమున 1823లోఁ బుట్టిన షాందొర్ పెతొఫి తన కవితలలోఁ గార్పాతియను కొండలను గాక యాల్‌ఫొల్డు బయలును బాడి దానికి గౌరవము దెచ్చెను. చదువుకొన్నవాఁడు కాపరిని జూచి సిగ్గుపడు కాలము గడచినది.

వంటయింటఁ జేరిన కూర యొకటిగా నిలువలేదు. నేఁటి హంగరీయులు నాలుగింటిని వేఱుచేయుదురు. గుయాష్ అనఁగాఁ బలుచని చారు. గిన్నెలో వడ్డించి చెంచాతోఁ ద్రాగునది. నీరు తగ్గించి యిగిర్చినది 'పొర్కొల్ట్', అనఁగా వేఁచినది. పుల్లనిమీఁగడ కలిపినది 'పాప్రికాష్'. అది కోడి, దూడ మాంసములకుఁ జెల్లును. మిరప తక్కువయై మిరియము, మూలికలు హెచ్చైనది 'తొకాఞ్'. లోకమునకుఁ దెలిసిన గులాష్ నిజముగాఁ బొర్కొల్టే. సరిహద్దు దాఁటఁగానే పేరును బదార్థమును విడిపోయినవి. వియన్నావారు మాంసమునకు సరితూఁకము నీరుల్లి వేసి వండుదురు. దానిపై వేఁచిన గ్రుడ్డు, ఊరుకాయ, మాంసపుగొట్టము పెట్టినచో అది బండివాని గులాష్. జర్మనుసైనికుల పరిభాషలో దండువంటబండికి 'గులాష్ ఫిరంగి' యని పేరు. జోసెఫుచక్రవర్తి భాషకుఁ బ్రతిగా నెత్తఁబడిన కూర, ఆ భాష మాటలాడువారి యింటికూర యయ్యెను. జాతిచిహ్నములకుఁ గాలముచేత నింతకంటెఁ జక్కని పరిహాసము జరుగదు.

మిరపపొడి కథ సెగెద్, కలొచా పట్టణములది. పూర్వము రైతులు కాయలను దారములకుఁ గూర్చి యింటి గోడలకు వ్రేలాడఁగట్టి యెండించి దంచెడివారు. ఆ పొడి మిక్కిలి కారము. 1859లో సెగెద్ పట్టణమునఁ బాల్ఫి సోదరులు గింజలను, ఈనెలను దీసివైచి కాయచర్మమును విసరు యంత్రమును గల్పించిరి. కారమంతయు నీనెలయందే యుండుటచే పొడి సౌమ్యమయ్యెను. చెంచాలకొలఁది వేయుటకు వీలయ్యెను. రసము చిక్కఁబడినదియు రంగు గాఢమైనదియు నప్పుడే. గుంటూరుమిరప తినువానికి ఆ పొడి తియ్యఁగాఁ దోఁచును. ఆ పట్టణముననే, 1930ల మొదట, ఆల్బెర్ట్ సెంట్-గ్యొర్గి యను శాస్త్రజ్ఞుఁడు తాను వెదకుచున్న 'సి' విటమినును బచ్చిమిరపకాయనుండి విస్తారముగాఁ దీసెను. రాత్రిభోజనమున భార్య యిచ్చిన మిరపకాయలు తినుట కిష్టము లేక వానిని బ్రయోగశాలకుఁ గొనిపోయితినని యాతఁడే చెప్పెను. 1937లో నాతనికి నోబెల్ బహుమానము వచ్చెను. మిరపకాయల కొఱఁత లేని యూరిలో నుండుటయే యతని యదృష్టము.

20వ శతాబ్దిలో నీ పేరు మరల రాజకీయమునఁ బడెను. 1956 తిరుగుబాటు నణఁచిన పిమ్మట నధికారమునకు వచ్చిన యానోష్ కాదార్, 1960లనుండి ప్రజలకుఁ గడుపునిండఁ దిండి, కొంత వస్తుసమృద్ధి, కొంత సడలింపు నిచ్చెను. ఆ పద్ధతిని బరదేశీయులు 'గులాష్ కమ్యూనిజము' అనిరి. పలువస్తువులు కలిపి యుడికించిన కూర యను వ్యంగ్యమును, ఇంటఁ గుండ నిండుటయే చాలునను సంతృప్తియు నా పేరులోఁ గలిసియున్నవి. తిరుగుబాటులో నోడినవారి యింటను ఆదివారపు మధ్యాహ్నము కాఁగు పొయ్యిమీఁదనే యుండెను. ఏలికలు మాఱినను దాని క్రమము మాఱలేదు. పెండ్లికి, ఊరిపండుగకు నూఱుమందికి సరిపోవు కాఁగును బెరటిలో నిలిపి పురుషులు వండుదురు. ఇంటిలోపలి చిన్నగిన్నె స్త్రీలది.

కాపరిని బోషించిన బూడిదవన్నె పశువుల గతి వేఱు. రైలుబండ్లు వచ్చి పశువుల కాలినడక నిలిచినది. పాలిచ్చు క్రొత్తజాతులు, యంత్రపుసేద్యము వచ్చినవి. 1960ల నాఁటికి వేలకొలఁది మందలలో మిగిలినవి కొన్నివందలు. 1973లో స్థాపింపఁబడిన హొర్తొబాజ్ జాతీయోద్యానమున వానిఁ గాపాడి మరల వృద్ధిచేసిరి. ఆ ప్రదేశము 1999లో యునెస్కో ప్రపంచవారసత్వస్థలముగా గుర్తింపఁబడెను. 1833లోఁ బూర్తియైన తొమ్మిదికమానుల వంతెన ప్రక్కన నేఁటికిని బొడవుకొమ్ముల మందలు మేయుచుండును; వానిఁ గాచువానికి జీతపుఁబట్టికలో వ్రాయు పేరు 'గుయాష్'.